పడవకి ఎంత రంగు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. మరపడవలు ఒడ్డుకొచ్చి రంగులేసుకునేది ఎక్కువగా అప్పుడే. నీటిలో మునిగే అడుగు భాగానికి మామూలు రంగు చాలదు. నాచునీ గుల్లల్నీ దగ్గరకు రానివ్వని, రాగి కలిసిన రంగు కావాలి. అవి పట్టాయంటే పడవ వేగం తగ్గుతుంది, డీజిల్‌ ఖర్చు పెరుగుతుంది.

మరి ఎంత కొనాలి? నీటి గీత దగ్గర వెడల్పునీ, మునిగే లోతునీ కూడి, అక్కడి పొడవుతో హెచ్చవేస్తే చాలు. పొడవు 12 మీటర్లు, వెడల్పు 4, లోతు 1.5 అనుకుంటే... 66 చదరపు మీటర్లు! లీటరు 10 చదరపు మీటర్లకు వస్తుందని డబ్బా మీద ఉంటే ఒక పూతకి 6.6, రెండు పూతలకి 13.2 లీటర్లు. ఒరిపిడి ఎక్కువుండే ముందు అంచుకీ, చుక్కానికీ మరో పూత పడాలి కాబట్టి ఇంకాస్త కలుపుకోవాలి. చాల్లేదని పలచన చేశారో, గుల్లలను పిలిచి పీట వేసినట్టే!