పత్తిచేని చుట్టు ఐదు వరుసలు

కట్టంగూర్ చెలకలు మొదలుకొని తెలంగాణమంతట నేడు పండు పత్తి దాదాపు అంతయు బీటీ పత్తియే. నేలలో నివసించు ఒక బాక్టీరియా జన్యువును పొందిన ఈ మొక్క, కాయతొలుచు పురుగులను చంపు ప్రోటీనును తానే తయారు చేసికొనును. 2002లో కేంద్ర ప్రభుత్వము దీనికి అనుమతి నిచ్చుచు, చేని చుట్టును కనీసము 5 వరుసల మామూలు పత్తిని వేయవలెనని నియమము విధించినది.

ఎందులకు? ఆ ప్రోటీనును తట్టుకొను పురుగులు మొదట బహు అరుదు. తట్టుకొను గుణము సాధారణముగా అంతర్గత లక్షణము. కావున అట్టి పురుగు మామూలు పత్తిపై పెరిగిన పురుగుతో జతకూడినచో, పుట్టిన సంతతి బీటీ పత్తిని తిని చచ్చును. ఆ వరుసలు లేనిచో తట్టుకొను పురుగులే పరస్పరము జతకూడి వృద్ధి పొందును.

పలువురు రైతులు ఈ వరుసలను వేయలేదు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబిరంగు పురుగు మొదటి రకపు బీటీ పత్తిని తట్టుకొన్నది. 2006లో వచ్చిన రెండు జన్యువుల పత్తికిని తరువాత అదే గతి పట్టినది. నియమము వెనుకనున్న కారణము రైతునకు తెలిసినప్పుడే ఆ నియమము పొలములో అమలగును.