మెడికల్ షాపు అసిస్టెంటుకు మధ్య మెట్టు కావాలి

ఆన్‌లైన్‌లో ఆరు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే మెడికల్ షాపు అసిస్టెంటు టెక్నీషియన్ అయిపోతాడని, ఆపై ఫార్మసిస్టు లేకున్నా చిట్టీ చూసి మందులివ్వొచ్చని సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక షాపుల్లో పనిచేసే చాలామంది యువకులు నమ్ముతున్నారు. అలా నమ్మించి ఫీజులు గుంజేవాళ్ల మీద కోపం రావాలి గానీ నమ్మినవాళ్ల మీద కాదు. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చిట్టీ మీద మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 1945 డ్రగ్స్ నిబంధనల్లో 65వది ఆ పని ఫార్మసిస్టు చేతుల మీదుగానో, అతని స్వయం పర్యవేక్షణలోనో జరగాలంటుంది. అసిస్టెంటుకూ ఫార్మసిస్టుకూ నడుమ టెక్నీషియన్ అనే హోదా మన చట్టంలో ఎక్కడా లేదు. ఫార్మసిస్టు కావాలంటే ఇంటర్‌లో సైన్సు చదివుండాలి, కనీసం రెండేళ్ల డి.ఫార్మసీ చదవాలి, 75 శాతం హాజరుండాలి, ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడని కోర్సుల జాబితాలో యూజీసీ 2020 నిబంధనలు ఫార్మసీని స్పష్టంగా చేర్చాయి. కాబట్టి ఆ ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులో పేరెక్కదు.

అలాగని ఆన్‌లైన్ చదువే దండగ అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. లారీ మీద పదేళ్లు క్లీనర్‌గా తిరిగిన మనిషికి రాజీవ్ రహదారి మీద ప్రతి మలుపూ తెలుసు, ఏ లోడుకు బండి ఎటు ఒరుగుతుందో తెలుసు. అయినా స్టీరింగు పట్టాలంటే లైసెన్సు కావాలి. రవాణా శాఖ అతనికి తలుపు మూసెయ్యలేదు, మెట్లు కట్టింది. ముందు రూల్స్ మీద పరీక్ష రాసి ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. తర్వాత లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి. చివరికి ట్రాక్ మీద అధికారి ముందు బండి నడిపి చూపించాలి. రూల్స్ చదవడానికి ఫోను చాలు, ట్రాక్ పరీక్ష మాత్రం ఫోన్లో జరగదు. మందుల షాపులో అసిస్టెంటుకూ ఫార్మసిస్టుకూ నడుమ టెక్నీషియన్ అనే మెట్టు కట్టడానికీ ఇదే వరస సరిపోతుంది. పాఠం ఆన్‌లైన్‌లో, సాధన ఫార్మసిస్టు పక్కన, పరీక్ష మనుషుల ముందు. ఇంకో అడుగు ముందుకేస్తే, ఆటో లైసెన్సుతో ట్యాంకరు నడపనివ్వరు కదా, అలాగే కట్టుదిట్టమైన అదుపులో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందుల బీరువా తాళం ఆ మధ్య మెట్టువాడికి ఇవ్వకూడదు.

పదేళ్లు కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికి కొత్తగా నేర్పేదేముందని షాపు యజమానులు అడుగుతారు. ఏ మందు ఏ అరలో ఉందో, ఏ కంపెనీ గోలీకి బదులు ఏది ఇవ్వొచ్చో, ఏ డాక్టరు రాత ఎలా ఉంటుందో అనుభవం నేర్పుతుంది. తప్పును పట్టుకోవడం మాత్రం నేర్పదు, ఎందుకంటే ఇచ్చిన మందు ఇంటికెళ్లి ఏం చేసిందో కౌంటర్‌కు తిరిగి తెలియదు. జ్వరానికి పిల్లలకిచ్చే పారాసిటమాల్ సంగతే చూడండి. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు, కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, 150 మిల్లీగ్రాములు. ఇదే మందు మన షాపుల్లో కనీసం మూడు బలాల్లో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్కో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఒక రకం సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125, ఇంకో రకంలో అదే అయిదుకు 250. అంటే ఆ బిడ్డకు చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, మొదటి సిరప్ ఆరు, రెండోది మూడు. మొదటి సిరప్ అయిపోయిందని రెండోది చేతికిచ్చి, పాత లెక్కనే ఆరు పొయ్యమంటే 300 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. చుక్కల సీసాలోంచి ఆరు పోస్తే 600, నాలుగింతలు. జ్వరం తగ్గలేదని తల్లి నాలుగు గంటలకోసారి అలాగే పోస్తూ పోతే దెబ్బ తగిలేది కాలేయానికి. మూత మీది కొలత వదిలేసి ఇంట్లో చెంచాతో పోస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క కష్టమైనది కాదు. ఫోన్లో గంట పాఠంతో, ఇరవై ముప్పై అభ్యాసాలతో వంటబడుతుంది. పదేళ్లు కౌంటర్ దగ్గర నిలబడ్డంత మాత్రాన వంటబట్టదు. ఇన్సులిన్ సంగతీ అంతే. అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి చెడిపోయినా, గడ్డకట్టి కరిగినా కంటికి తేడా కనబడకపోవచ్చు. దిష్టి తగలకుండా గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టే శ్రద్ధలో సగం ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి పొద్దున, సాయంత్రం చూసి రాసుకోవడం మీద పెడితే షుగరు రోగులు బతుకుతారు. కరెంటు పోయిన రాత్రి నిమ్మకాయ ఏ మందునూ కాపాడలేదు.

మధ్య మెట్టు కట్టిన దేశాలున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 2010 డిసెంబరు నుంచి ఫార్మసీ టెక్నీషియన్లకు రిజిస్ట్రేషన్ మొదలైంది. అప్పటికే షాపుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న అసిస్టెంట్ల కోసం నాలుగు సబ్జెక్టుల బ్రిడ్జి కోర్సు పెట్టారు, ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో చదివే వీలిచ్చారు. కానీ చదివినంత మాత్రాన సరిపోలేదు. పర్యవేక్షణలో ప్రాక్టికల్ శిక్షణ, జాతీయ స్థాయిలో రాత పరీక్ష, దానితోపాటు చేసి చూపించే పరీక్ష కూడా దాటాల్సి వచ్చింది. చిట్టీ ప్రకారం మందు, బలం, లెక్క సరిగ్గా ఉన్నాయా అని చూసే బాధ్యత టెక్నీషియన్‌ది. ఆ మందు ఆ రోగికి తగినదా కాదా అని తేల్చేది ఫార్మసిస్టు. బ్రిటన్‌లో 2011 జూలై 1 నుంచి రిజిస్టరులో పేరు లేనివాళ్లు టెక్నీషియన్ అని చెప్పుకోకూడదు. అక్కడా పని చేస్తూనే చదువుతారు.

ఇలాంటి మెట్టు మన దగ్గర కడదామంటే గట్టి అభ్యంతరం డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదివినవాళ్ల నుంచి వస్తుంది. మాకే ఉద్యోగాల్లేవు, సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో కూర్చునే పద్ధతి ఇప్పటికే ఉంది, మీరు ఇంకో హోదా పుట్టిస్తే యజమాని తక్కువ జీతానికి టెక్నీషియన్‌ను పెట్టుకుని మమ్మల్ని పూర్తిగా తప్పిస్తాడు అంటారు. ఈ భయం నిజమైనదే, తోసిపుచ్చలేం. అందుకే టెక్నీషియన్ ఒంటరిగా షాపు నడపకూడదన్న మాట హోదా కంటే ముందు చట్టంలో ఎక్కాలి. కానీ ఇవాళ్టి పరిస్థితి ఫార్మసిస్టును ఏమీ కాపాడడం లేదు. సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతుంటే మందులిచ్చేది ఏ శిక్షణా లేని అసిస్టెంటే. అతనికి తప్పును పట్టుకునే చదువుంటే రోగికి మేలు, పేరు రిజిస్టరులో ఉంటే తప్పుకు జవాబుదారు దొరుకుతాడు. అనుభవానికి విలువివ్వడం మన చట్టానికి కొత్త కూడా కాదు. 1948 చట్టం మొదటి రిజిస్టరు తయారు చేసేటప్పుడు చదువు సర్టిఫికెట్ లేకున్నా, చిట్టీల మీద మందులిచ్చే చోట అయిదేళ్లకు తగ్గకుండా మందులు కలిపినవాళ్లను చేర్చుకునే వీలుంచింది. ఆ తలుపు తర్వాత మూసుకుంది. పరీక్ష లేకుండా దాన్ని మళ్లీ తెరవమని నేననను. ప్రాక్టికల్ ఎక్కడ చేయిస్తారంటారా, సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని వెంట పెద్ద దవాఖాన ఉంది. అక్కడి మందుల కౌంటర్ కంటే మంచి శిక్షణ స్థలం జిల్లాలో ఇంకేం కావాలి?

ఆ మెట్టు వచ్చేదాకా ఆన్‌లైన్ పాఠాలు పని మెరుగుపరచుకోవడానికి వినండి, మోతాదు లెక్కలు, మందుల నిల్వ, షెడ్యూల్ హెచ్1 మందుల అమ్మకాల రిజిస్టరు రాయడం నేర్చుకోండి. రిజిస్ట్రేషన్ వస్తుందని చెప్పేవాళ్లకు మాత్రం రూపాయి కట్టొద్దు. ఇంటర్‌లో బైపీసీగానీ ఎంపీసీగానీ చదివినవాళ్లు డి.ఫార్మసీలో చేరొచ్చు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీ పేరు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించిన జాబితాలో ఉందో లేదో, మీరు చేరే సంవత్సరానికి ఆ ఆమోదం చెల్లుతుందో లేదో చూసుకోండి.