మీ పొట్ట చెబుతున్న చిన్న చిన్న సంగతులు వింటున్నారా?

ఒక్క ప్రశ్నతో మొదలుపెడదాం. మీ బ్యాగులో గ్యాస్ మాత్ర ఉందా? ఉంటే ఈ ఎపిసోడ్ మీకోసమే.

మనకి కడుపులో ఏ తేడా వచ్చినా "ఆ, గ్యాస్‌లే" అనేసి, పరగడుపున ఒక మాత్ర వేసేసుకుంటాం. ఎప్పుడైనా ఒకసారి అయితే ఫర్వాలేదు. కానీ రెండు వారాలు దాటినా అది లేకపోతే రోజు గడవట్లేదంటే, అదే మొదటి గుర్తు. మాత్ర మంటని ఆపుతుంది కానీ మంట ఎందుకు వస్తోందో చెప్పదు కదా! తరచూ వేసుకునే నొప్పి మాత్రల వల్ల కావచ్చు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల కూడా కావచ్చు. దాన్ని కనిపెట్టినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. అది గ్యాస్ మాత్ర ఒక్కదానితో పోదు, డాక్టర్ యాంటీబయాటిక్ కోర్సు ఇవ్వాల్సిందే.

రెండోది మోషన్. సిగ్గుపడకండి! రోజుకి 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల దాకా నార్మలే. చూడాల్సింది మీ అలవాటు మారిందా అని. మేక పెంటికల్లా గట్టిగా వస్తోందా, నీళ్లలా పోతోందా, అది వారాల తరబడి సాగుతోందా?

మూడోది, పాలు తాగిన గంటా రెండు గంటలకి ఉబ్బరం. పాలలోని లాక్టోజ్ పడట్లేదేమో. ఓ వారం పాలు ఆపి చూడండి. పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది.

నాలుగోది ఎవరూ పొట్టకి ముడిపెట్టరు: నీరసం, మెట్లెక్కితే ఆయాసం, మాటిమాటికీ నోటిపూత. తిన్నదాంట్లోని ఐరన్, బి12 ఒంటికి పట్టకపోయినా, లోపల కొద్దికొద్దిగా రక్తం పోతున్నా ఇలా అవుతుంది. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడినా బి12 తగ్గొచ్చు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

ఇక ఇవి ఉంటే ఆలస్యం వద్దు: తారులా నల్లటి మలం, రక్తం పడటం, ఊరికే బరువు తగ్గడం, ముద్ద మింగలేకపోవడం, నిద్రలోంచి లేపేసే నొప్పి. ఐరన్ మాత్రలకీ మలం నల్లబడుతుంది, కానీ ఆ సంగతి డాక్టర్ తేల్చాలి, మనం కాదు.

ఇంకొక్క మాట. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఎడమ చెయ్యి లాగుతుంటే "గ్యాసే" అని సోడా తాగి పడుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లో నాన్నగారికీ అమ్మకీ ఇది చెప్పండి.

ఈవారం హోంవర్క్: ఫోన్‌లో నోట్స్ తెరిచి ఏం తిన్నారు, ఎప్పుడు ఇబ్బంది అయింది, ఏ మాత్ర వేసుకున్నారు, రోజూ రాయండి. డాక్టర్‌కి అదే చూపించండి. ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.