ఆక్షేపము, ఉత్తరము: బొబ్బిలి కథపై ఒక విచారము

శాస్త్రగ్రంథములతో పరిచయము గలవారికి పూర్వపక్షము క్రొత్తది కాదు. మీమాంసకులు అధికరణమునందు విషయమును, సంశయమును జెప్పి, పూర్వపక్షమును నిలువబెట్టిన పిమ్మటనే సిద్ధాంతమునకు వత్తురు. నైయాయికులు వాద జల్ప వితండలను వేరుపరచి, మూడు ఛలములను, ఇరువదినాలుగు జాతులను, ఇరువదిరెండు నిగ్రహస్థానములను లెక్కించిరి. (నేడు మనము అసందర్భపు పేచీనెల్ల ‘వితండవాద’ మనుచున్నాము. తన పక్షమును స్థాపింపక పరపక్షమును మాత్రమే ఖండించుట శాస్త్రమున వితండ. అది నేర్పు లేనిదే సాధ్యము గాదు.) ఇవి మన పాఠములలో వచ్చునవే. కాని సాహిత్యశాఖలలో అంతగా పట్టించుకొనని భాగమొకటి కలదు. ఆక్షేపమునకు ఉత్తరము ఎన్ని విధములు? ఏ విధమగు ఉత్తరము చెప్పినచో నిరూపణభారము ఎవరిపై బడును? దీనిని తేల్చినవారు ధర్మశాస్త్రకారులు.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసెను. విజ్ఞానేశ్వరీయమును మనవారు భాషాచరిత్ర కొరకు తిరుగవేయుదురే గాని అందలి వ్యవహారపద్ధతి కొరకు చదువువారు తక్కువ. మితాక్షర ననుసరించి వ్యవహారమునకు భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి యని నాలుగు పాదములు. భాష యనగా అభియోగము, క్రియ యనగా నిరూపణము. ఉత్తరము మరల నాలుగు తెరగులు. ‘నీకు నూరు మాడలు అప్పిచ్చితిని’ అని వాది యనెననుకొందము. ‘నిజమే, ఈయవలసియున్నాను’ అనుట సత్యోత్తరము. ‘నేను పుచ్చుకొననేలేదు’ అనుట మిథ్యోత్తరము. ‘పుచ్చుకొంటిని, కాని తీర్చివేసితిని’ అనుట ప్రత్యవస్కందనము. దీనికే కారణోత్తరమనియు పేరు. ‘ఈ తగవున నీవు మునుపే ఓడితివి’ అనుట ప్రాఙ్న్యాయము.

అసలు సూక్ష్మము దీని తరువాత నున్నది. మిథ్యోత్తరము చెప్పినచో రుజువు చేయవలసినవాడు వాది. కారణోత్తరమున గాని ప్రాఙ్న్యాయమున గాని ఆ భారము ప్రతివాదిపైకి మారును. సత్యోత్తరమున రుజువుతో పనియే లేదు గావున వ్యవహారము రెండు పాదములతోనే ముగియును. మరియు ఒక్క విషయముననే ‘పుచ్చుకొనలేదు, పుచ్చుకొన్నను తీర్చితిని’ యని రెండింటిని కలిపిన సంకరోత్తరము ఉత్తరాభాసమే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడ 11వ సెక్షనులో మునుపు తీర్పైన తగవును తిరిగి విచారింపరాదనియు, 8వ ఆర్డరులో డొంకతిరుగుడు నిరాకరణము చెల్లదనియు విధించినది.

ఈ విభాగము న్యాయస్థానములకే గాని సాహిత్యచర్చకు వర్తింపదని యెవరైన అనవచ్చును. అక్కడ తీర్పరి కలడు, ఇక్కడ లేడు. మా యుత్తరమిది: తీర్పరి లేనిచోట రుజువు ఎవరు చేయవలెనో వాదప్రతివాదులే గుర్తుంచుకొనవలసియుండును. గుర్తుంచుకొననిచో ఎట్లుండునో బొబ్బిలి కథ చెప్పగలదు.

చరిత్ర యెల్లరకు తెలిసినదే. 1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తము చేసెను. విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీకి ఆప్తుడై, తన చిరకాలవిరోధియగు బొబ్బిలి రంగారావును స్థానభ్రష్టుని జేయ బూనెను. బొబ్బిలిని విడిచినచో వేరొకచోట భూము లిత్తుమన్న బుస్సీ మాటను రంగారావు అవమానముగా నెంచెను. 1757 జనవరి 24న కోట ముట్టడింపబడినది. ఇక నిలువదని తేలినపుడు లోపలివారు ఇండ్లకు నిప్పుపెట్టి, తమ స్త్రీలను బిడ్డలను తమ చేతులతోనే చంపి, తాము పోరాడి మడిసిరి. కొలది దినములలోనే విజయరామరాజు తన డేరాలో హతుడయ్యెను. ఆ పని తాండ్ర పాపారాయనిదని మనవారి ప్రసిద్ధి.

దీనిపై ఆక్షేపమొకటి కలదు. దానిని బలహీనముగా జెప్పి ఖండించుట సులభము. ‘అది మూర్ఖపు శౌర్యము’ అన్నచో, మానధనుల మనసు నీకేమి తెలియునని నోరుమూయింపవచ్చును. పూర్వపక్షమును దాని పూర్తిబలముతో చెప్పినచో ఇట్లుండును: కోట విడువవలెనా, పోరవలెనా యని నిర్ణయించినవారు పురుషులు, ఆ నిర్ణయమునకు మూల్యము చెల్లించినవారిలో ఆ సభకు ఎన్నడును పిలువబడని స్త్రీలును, మాటలు రాని పసివారును గలరు. ఒకరి మానమునకు వేరొకరి ప్రాణము నెట్లు ఈడు పెట్టవచ్చును?

బొబ్బిలి పాటలపై సిద్ధాంతవ్యాసము సమర్పించిన విద్యార్థి యొకని మౌఖికపరీక్షలో ఈ ప్రశ్న మా యెదుటనే వచ్చినది. అతని జన్మస్థలము ఆ ప్రాంతమే. అతడు మొదట, ఆ సంహారము పాశ్చాత్యుల అతిశయోక్తి కావచ్చుననెను. పిదప, అది ఆనాటి వీరధర్మమనెను. ముగింపుగా, తరతరములుగా జనము కన్నీరుపెట్టుకొని వినిన కథకు మనము తీర్పు చెప్పుట తగదనెను. మూడు మాటలు, మూడు వేర్వేరు ఉత్తరములు! అతని యావేదన కృత్రిమము గాదు. అది వాని యూరి కథ. ఐనను మూడింటిని కలుపుటచే ఒక్కటియు నిలువలేదు.

మిథ్యోత్తరము ఇక్కడ చెల్లదు. ఓర్ము చరిత్రయే గాక, తెలుగున పాడుకొనిన కథయు ఈ ఘట్టమును దాచలేదు. దానిని గొప్పగనే చెప్పినది. ప్రాఙ్న్యాయమును చెల్లదు. శ్రోతలు కీర్తించినది శౌర్యమును. పసివారి పక్షమున ఈ ప్రశ్నను వారి ముందు ఎవరుంచిరి గనుక తీర్పైనదనుట?

మిగిలినది కారణోత్తరము: ‘చంపిరి, నిజమే, శత్రువులచేతిలో మానభంగము తప్పదని, గత్యంతరము లేదని చంపిరి.’ గౌరవింపదగిన యుత్తరమిది. కాని దీనిని చెప్పినవాడు నిరూపణభారమును తన నెత్తిన పెట్టుకొనినట్లే. భయము సహేతుకమని చూపుట కష్టము గాదు. రెండు సంస్థానముల వైరము పాతది, విజయరామరాజు సేన కోటగోడల చుట్టును నున్నది. గత్యంతరము లేదని చూపుటయే కష్టము. ఓర్ము చెప్పిన వృత్తాంతములో ఒక వృద్ధుడు రంగారావు కుమారుని దెచ్చి ఫ్రెంచి సేనాధికారి లా అనువానికి అప్పగించెను. తండ్రి యిచ్ఛకు విరుద్ధముగా ఈ బాలుని కాపాడితినని అతడే చెప్పినట్లున్నది. బాలుడు బ్రదికెను.

శత్రువు కరుణించునని లోపలివారికి ముందుగా నెట్లు తెలియునని సమాధానము చెప్పవచ్చును. అది సమంజసమే, ఫలము చూచి పని నిందించుట న్యాయము గాదు. ఐనను ఆ వృద్ధుడును ఆ కోటలోనివాడే, ఆ కాలపువాడే, ఆ ధర్మమున పెరిగినవాడే. వానికి తోచిన దారి ఇతరులకు మూసికొనిపోయినదని చెప్పుటకు వేరు రుజువు కావలెను. ‘కాలధర్మము’ అను మాట అతని యెదుట నిలువదు.

స్త్రీల సమ్మతి విషయము మరింత చిక్కైనది. కథలో మల్లమ్మదేవి మొదలగువారు మరణమును కోరినట్లు చెప్పినను, ఆ మాటలు పిమ్మట పాడినవారు వారినోట పెట్టినవి. ప్రతివాది పక్షపు సాక్ష్యము. అసత్యమని మేమనుట లేదు, అది యొక్కటే చాలదనుచున్నాము. కావున మా నిర్ణయమిది: అవివేకమను ఆక్షేపమునకు కారణోత్తరము నిలుచును, స్త్రీల విషయమున సందేహము తీరదు, పసివారి విషయమున ఉత్తరము రుజువు కాలేదు. దీనివలన రంగారావు శౌర్యమునకు లోటు వచ్చునని భయపడువారికి, శౌర్యము ఇందు వివాదాంశమే కాదని మనవి.

ఆ బాలుడే చిన్నరంగారావు. 1794లో పద్మనాభ యుద్ధమున విజయనగరము దెబ్బతిన్న తరువాత బొబ్బిలి సంస్థానము మరల అతనికి దక్కినది. పరిశోధకులకు మిగిలియున్న పని యొకటి కలదు. బొబ్బిలి కథ పాఠములను సేకరించునపుడు సంహారఘట్టమున స్త్రీలు మాటాడు పాఠములెవ్వి, మాటాడనివెవ్వి, వృద్ధుని ప్రస్తావన ఏ పాఠమున నున్నది, ఏ పాఠమున జారిపోయినది యని వేరుగా గుర్తింపవలెను. జంగములు పాడినవి, బుర్రకథకులు చెప్పినవి, నాటకకర్తలు మార్చినవి వేర్వేరుగా నుంచి పోల్చినచో, కోటలోనివారి కంఠమేదో పాటగాని కంఠమేదో కొంతవరకైన తేలును.