బేస్‌మెంటులో బాయిలరు మార్చే ముందు

పండగనాడు తలంట్లకి పెరట్లో రాగి బాయిలరు రాజేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక గొట్టం, అందులో బొగ్గులూ కొబ్బరి డొక్కలూ, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలడానికి చిల్లుల పళ్ళెం, పక్కన ఒక కుళాయి. పొగ కళ్ళల్లో పడితే తిట్టుకునేవాళ్ళం గాని, ఆ పొగ ఎటు పోతోందో ఎవరూ ఆలోచించేవారు కాదు. పెరడంతా ఆకాశమే కదా!

ఇక్కడ మన బేస్‌మెంటు మూలన నుంచున్న గ్యాసు టాంకు కూడా అదే బాయిలరు. రాగికి బదులు లోపల గాజుపూత వేసిన ఉక్కు, బొగ్గులకు బదులు అడుగున గ్యాసు మంట. మధ్య గొట్టం మాత్రం అలాగే ఉంది. పెద్ద తేడా ఏమిటంటే ఇది ఇంటి లోపల ఉంది. దీని పొగ బయటకు పోతోందా లేదా అన్నది మనమే చూసుకోవాలి. ఈ సంగతి నేను డాక్టరునై ఉండి కూడా కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాను. మనవాళ్ళలో పాత ఇళ్ళు కొన్నవారు చాలామంది ఉన్నారు గనుక నా అనుభవం పదిమందికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది హేమిల్టన్‌లో 1952లో కట్టిన ఇటుక ఇల్లు. కొన్నాక కిటికీలన్నీ మార్పించాం, గాలి చొరకుండా సందులన్నీ పూడిపించాం. తాళింపు వాసన ఇల్లంతా పట్టకుండా వంటింట్లో పెద్ద ఫాను పెట్టించాం. మా అమ్మ వస్తుందని బేస్‌మెంటులో ఫర్నేసు గదిని ఆనుకుని ఒక పడకగది కట్టించాం. అన్నీ మంచి ఆలోచనలే. ఆ ఫాను పైకి తోసే గాలి స్థానంలోకి మళ్ళీ గాలి ఎక్కడినించి రావాలన్న ప్రశ్న మాత్రం మాకు తోచలేదు.

అమ్మ తెనాలి నుంచి నవంబరులో వచ్చింది. రెండు మూడు వారాలకు, "తల దిమ్ముగా ఉంటోందిరా నాన్నా, వికారంగా కూడా ఉంది, ఇక్కడి గాలి పడలేదేమో" అంది. బీపీ చూశాను, బాగానే ఉంది. వేలికి ఆక్సీమీటరు పెట్టాను, 98 చూపించింది. ప్రయాణపు బడలిక, చలి, పొడిగాలి అని నచ్చచెప్పి మాత్ర ఇచ్చాను. ఆ తలనొప్పి ఎక్కువగా ఆదివారం రాత్రులే వస్తోందని మా ఆవిడ గమనించింది గాని నేను పట్టించుకోలేదు. ఆదివారం మా ఇంట్లో రోజంతా బట్టల డ్రయ్యరు తిరుగుతుంది, సాయంత్రం వంటింటి ఫాను నడుస్తుంది, పిల్లల స్నానాలు అవుతాయి. వేడినీళ్ళ టాంకు కింద మంట ఆగకుండా వెలిగే రోజు కూడా అదే.

ఈలోగా టాంకు అడుగున తుప్పునీళ్ళు చెమ్మగిల్లడం మొదలయింది. దాని వయసు 14 ఏళ్ళు. ఇటువంటి టాంకులు మామూలుగా పది పన్నెండేళ్ళు మన్నుతాయి. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ఉక్కుకు పట్టవలసిన తుప్పు ముందు తనే పట్టించుకుని కరిగిపోవడం దాని పని. 1824లో ఓడల అడుగు రాగిరేకులను కాపాడడానికి సర్ హంఫ్రీ డేవీ చూపించిన ఉపాయమే ఇది. కడ్డీ అరిగిపోయాక టాంకుకు రోజులు దగ్గరపడినట్లే.

రెండు చోట్లకి ఫోను చేశాను. మొదటివారు ఫోనులోనే ధర చెప్పి, పాతది తీసి అలాంటిదే కొత్తది పెడతామన్నారు. రెండో మెకానిక్కు ధర చెప్పేముందు బేస్‌మెంటు చూడాలన్నాడు. వచ్చి, టాంకును చూడకుండా ముందు ఫర్నేసును చూశాడు. దాని తెల్ల ప్లాస్టిక్కు గొట్టాలు గోడలోంచి నేరుగా బయటకు పోతున్నాయి. "మరి ఈ ఇటుక చిమ్నీని ఇంకెవరు వాడుతున్నారు?" అన్నాడు. టాంకు ఒక్కటే.

తరువాత కిటికీలు మూయించి, డ్రయ్యరూ వంటింటి ఫానూ స్నానాలగది ఫానూ అన్నీ వేయించాడు. వేడినీళ్ళ కుళాయి తిప్పి వదిలాడు. కాసేపటికి టాంకు కింద మంట అందుకుంది. టాంకు నెత్తిన గొడుగులాంటి రేకు మూత ఉంటుంది, దాన్ని డ్రాఫ్టు హుడ్ అంటారు. దాని అంచున పట్టుకోవడానికి పొగవచ్చేది ఏదైనా ఇమ్మన్నాడు. అమ్మ దేవుడి దగ్గరనించి అగరొత్తి తెచ్చి ఇచ్చింది. పొగ లోపలికి పీల్చుకుపోవాలి. ఐదు నిమిషాలు చూశాం. అది మా ముఖాలమీదికే వచ్చింది. వంగి చూస్తే నా కళ్ళద్దాల మీద వెచ్చటి ఆవిరి పట్టింది. అతను గ్యాసు కట్టేసి, టాంకుకు ఎర్ర చీటీ కట్టాడు. ఆ గోడకు అవతల మా అమ్మ మంచం.

ఆ రాత్రి స్టవ్ మీద గిన్నెలతో నీళ్ళు కాచుకున్నాం. మర్నాడు అమ్మకు రక్తపరీక్ష చేయిస్తే ఏమీ కనబడలేదు. కనబడకపోవడంలో వింత లేదు. కార్బన్ మోనాక్సైడు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది గాని, మంచిగాలిలో ఉంటే నాలుగైదు గంటల్లో సగం దిగిపోతుంది. అందుచేత అమ్మ తలనొప్పికి అదే కారణమని నేను రుజువు చూపలేను. టాంకు మారిన తరువాత ఆ తలనొప్పి మళ్ళీ రాలేదన్నది మాత్రం నిజం.

నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. 2020లో కోవిడ్ వచ్చాక ప్రతి ఇంట్లోనూ ఆక్సీమీటరు చేరింది. కార్బన్ మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కవేస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 చూపించగలదు. తలనొప్పి, వికారం, నీరసం ఉండి జ్వరం లేకపోతే, బయటకు వెళితే తగ్గి ఇంటికి రాగానే తిరగబెడితే, ఒకరికన్నా ఎక్కువమందికి వస్తే, ముందు ఇంటిని అనుమానించండి. అందరూ బయటకు నడిచి 911కు ఫోను చేయండి.

ఇంతకీ ఆ చిమ్నీకి వచ్చిన జబ్బేమిటి? పాత ఇళ్ళలో ఫర్నేసూ టాంకూ కలిసి ఒకే చిమ్నీని వేడిగా ఉంచేవి. వేడిగా ఉంటేనే పొగ పైకి లాగుతుంది. 2009 డిసెంబరు 31 తరువాత తయారైన ఇంటి గ్యాసు ఫర్నేసులకు కనీసం 90 శాతం సామర్థ్యం ఉండాలని ఫెడరల్ ప్రభుత్వం నియమం పెట్టింది. అటువంటి ఫర్నేసులు చిమ్నీని వాడవు. దాంతో అంత పెద్ద చిమ్నీలో చిన్న టాంకు ఒంటరిదైపోతుంది. ఇక్కడివాళ్ళు దీన్ని అనాథ టాంకు అనే పిలుస్తారు. చలికాలంలో బయటి గోడకు ఉన్న ఇటుక చిమ్నీ చల్లబడి, పొగలోని ఆవిరి లోపలే నీరై, సున్నం ఊడి, ఇటుక ముక్కలు రాలి దారి మూస్తాయి. దానికి తోడు ఫానులు ఇంట్లోని గాలిని తోడేస్తే చిమ్నీ తలకిందులుగా పనిచేస్తుంది. వెనక్కి వచ్చిన పొగనే మంట మళ్ళీ పీల్చుకుంటే సరిగా మండక కార్బన్ మోనాక్సైడు ఇంకా పెరుగుతుంది.

పొగగొట్టం మూసుకుపోతే ఏమవుతుందో అంటారియో చూసింది. 2008 డిసెంబరులో వుడ్‌స్టాక్‌లో ఒక పోలీసు ఉద్యోగిని, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు చనిపోయారు. వారిది గ్యాసు ఫైర్‌ప్లేసు గొట్టం. ఆ కుటుంబం పేరుమీదనే హాకిన్స్-గిగ్నాక్ చట్టం 2013లో వచ్చింది. 2014 అక్టోబరు నుంచి అటువంటి ఇళ్ళలో పడకగదుల దగ్గర అలారం తప్పనిసరి అయింది. మా అలారం మేడమీద మా పడకగది దగ్గరే ఉండేది. కింద గది కట్టించినప్పుడు అక్కడ మరొకటి పెట్టాలని తోచకపోవడం పూర్తిగా మా తప్పు. ఇంకొక మాట. గాలిలో పది లక్షల పాళ్ళకు 70 పాళ్ళు ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపున మోగుతుంది. అంతకన్నా బాగా తక్కువుంటే మోగకపోవచ్చు. కాబట్టి అలారం మోగలేదని తలనొప్పిని కొట్టిపారేయకూడదు.

మార్చేటప్పుడు ఉన్న దారులు ఇవి. చిమ్నీని వదలనివారు దానిలోపల టాంకుకు తగిన సైజు లోహపు గొట్టం దింపించాలి. రెండోది, సొంత ఫానుతో పొగను గోడలోంచి బయటకు నెట్టే పవర్‌వెంటు టాంకు. కరెంటు పోతే ఇది పనిచేయదు. 2013 డిసెంబరు మంచుతుపానులో టొరంటోలో మూడు లక్షల కనెక్షన్లకు కరెంటు పోయిన సంగతి గుర్తుంచుకోండి. మూడోది టాంకు లేకుండా గోడకు తగిలించేది. మామూలు టాంకు మంట గంటకు 40,000 బీటీయూలయితే దీనిది 1,99,000 వరకు ఉంటుంది గనుక గ్యాసు పైపు పెద్దది వేయవలసి రావచ్చు. జనవరిలో 4 డిగ్రీల నీరు వచ్చి 49 డిగ్రీలకు వేడెక్కాలంటే, ఎంత పెద్దదయినా నిమిషానికి 18 లీటర్ల లోపే ఇస్తుంది. అంటే రెండు షవర్లు. గ్యాసే వద్దనుకునేవారికి కరెంటుతో నడిచే హీట్‌పంపు టాంకులు ఉన్నాయి. అవి బేస్‌మెంటు గాలిలోని వేడిని లాక్కుంటాయి. పక్కన పెద్దవాళ్ళు పడుకునే గది ఉంటే ఆ చల్లదనం, శబ్దం చూసుకోవాలి. మేము 50 గాలన్ల పవర్‌వెంటు పెట్టించి, పాత చిమ్నీని మూయించాం. పెద్ద ఫాను వేసినప్పుడల్లా వంటింటి కిటికీ కాస్త తీస్తున్నాం.

ఇక నీటి వేడి. గ్యాసు ఆదా అవుతుందని టాంకును 45కు తగ్గించేవారున్నారు. అది మంచిది కాదు. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశంలో వచ్చిన న్యుమోనియాకు కారణమైన లెజియోనెల్లా క్రిమి 25 నుంచి 45 డిగ్రీల నీటిలో బాగా పెరుగుతుంది. టాంకులో 60 డిగ్రీలుండాలి. కాని 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ళ చర్మాన్ని ఐదారు సెకన్లలో కాల్చేస్తుంది, పసివాళ్ళకీ ముసలివాళ్ళకీ ఇంకా త్వరగా. అదే 49 డిగ్రీలయితే కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. అందుకని టాంకు 60లో ఉంచి, పైన చన్నీళ్ళు కలిపే వాల్వు పెట్టించి కుళాయిలో 49 దాటకుండా చూడాలి. ఇక్కడి బిల్డింగు కోడు కూడా 49 అనే అంటుంది.

చివరగా కాగితాల సంగతి. అంటారియోలో టాంకులు అద్దెకు తీసుకోవడం ఎక్కువ. ఇల్లు కొంటే పాత అద్దె కూడా మన నెత్తిన పడవచ్చు. పిలవకుండా తలుపుతట్టి టాంకుల ఒప్పందాలు రాయించుకోవడాన్ని 2018 మార్చి 1 నుంచి రాష్ట్రం నిషేధించింది. మనం పిలిచి ఇంట్లో సంతకం పెట్టినా పది రోజుల్లో మానుకోవచ్చు. ఇటువంటి సామానుకోసం ఇంటి టైటిలుమీద నోటీసు ఎక్కించడాన్ని 2024 జూన్‌లో నిషేధించారు. అయినా ఒంటరిగా ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకు ఒకమాట చెప్పి ఉంచండి, ఎవరు వచ్చినా సంతకం పెట్టవద్దని, బిల్లు కూడా చూపించవద్దని. గ్యాసు పని మనంతట మనం చేయడం చట్టం ఒప్పుకోదు. టీఎస్‌ఎస్‌ఏ లైసెన్సు ఉన్నవారినే పిలవండి.

ఈ శనివారం ఒకసారి బేస్‌మెంటులోకి దిగండి. టాంకుమీద తయారైన సంవత్సరం చూడండి. దాని గొట్టం ఎక్కడికి పోతోందో, ఫర్నేసు గొట్టం కూడా అక్కడికే పోతోందో లేదో చూడండి. అమ్మానాన్నలు పడుకునే గది బయట అలారం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సాయంత్రమే కొని తగిలించండి. టాంకు మార్చడానికి వచ్చినవారు బేస్‌మెంటు చూడకుండానే ధర చెబితే, చిమ్నీ ఎవరు చూస్తారని అడగండి. సరైన జవాబు రాకపోతే ఇంకొకరిని పిలవండి.