చేపల మేతలో మూలికలు



కొల్లేటి చుట్టుపట్ల, కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో వరిచేలనేకములు చేపల చెరువులై చాల కాలమైనది. అందు పెంచునవి ముఖ్యముగా శీలావతియు, బొచ్చెయు. ఆ రైతులలో కొందరు మేతలో వెల్లుల్లి, పసుపు, మెంతులు కలుపుచున్నారు. మూలికల పొడియని పొట్లములు కొనువారును గలరు. పెట్టిన రూకకు తగిన ఫలము గలదా యని నన్నడుగుచుందురు. ఏనాడును వల పట్టని బడిపంతులను ఏల యడుగుదురో గాని, చదివినదియు చూచినదియు మనవి చేసెదను.

చేపకు మేత పెట్టుట నేటి మాట కాదు. చాళుక్య ప్రభువగు సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన మానసోల్లాసమందలి మత్స్యవినోద ప్రకరణమున చేపల జాతులతోపాటు వాని మేతయు చెప్పబడినది.

ఒక్క సంగతి ముందుగా గ్రహింపవలెను. మూలిక మేత కాదు. చేపకు బరువు నిచ్చునది తవుడును, వేరుశనగ చెక్కయు. మూలిక ఆ మేతను ఒంటబట్టించుటకు తోడ్పడును; వైద్యశాస్త్రమున దీపనము, పాచనము అనబడు పని యిదియే. శీలావతికి, బొచ్చెకు జఠరమను సంచి లేదు. మేత నేరుగా ప్రేగులలోనికి పోవును. జఠరమే లేని ప్రాణికి జఠరాగ్ని యెక్కడిదని నా మిత్రుడొకడు పరిహాసమాడెను. ప్రేగులలోని జీర్ణరసములే ఆ పని చేయును. ఇట్టి చేపకు ఒక్కమారుగా కుమ్మరించుటకంటె కొంచెము కొంచెముగా పెట్టుట మేలు.

వెల్లుల్లి మాట చూడుడు. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో మన శాస్త్రజ్ఞులు కిలో మేతకు 1, 5, 10 గ్రాముల వంతున వెల్లుల్లి కలిపి శీలావతి పిల్లలకు 60 దినములు పెట్టిరి. పిమ్మట రోగక్రిమి నెక్కింపగా, వెల్లుల్లి తినని వానికంటె తిన్నవియే ఎక్కువగా బ్రతికినవి. గ్రాముల లెక్క గమనింపుడు. గంపల లెక్క కాదు. వెల్లుల్లి ఘాటు దానిని నలగగొట్టినప్పుడే పుట్టును. నలగగొట్టకముందే ఉడికించినచో ఆ గుణము చాలవరకు నశించును. కావున పచ్చిదానిని దంచి, కొంతసేపు నిలువనిచ్చి, చల్లారిన గంజితో మేతకు పట్టింపవలెను. గంజి లేనిచో పొడి నీటిలో కొట్టుకొనిపోవును, చేప నోటికి చేరదు.

ఈ శ్రమ యేల యందురా? రోగము సోకకముందే యాంటీబయాటిక్ మందులు మేతలో కలుపుట వలన ఆ మందులకు లొంగని క్రిములు పుట్టుచున్నవి. పెరుగుదలకై పశువుల మేతలో వానిని కలుపుటను ఐరోపా దేశములు 2006 నుండి మాన్పించినవి. మన చేపలను మన పిల్లలే తినుచున్నారు గదా!

ఆకు అలము హాని చేయదను మాటను మాత్రము నమ్మకుడు. చెరువులో పిల్లలను విడుచుటకు ముందు పనికిరాని చేపలను చంపుటకు వేయు ఇప్పచెక్క చెట్టు నుండి వచ్చినదే కాదా? వేపయు మోతాదు మించినచో చేపకు విషమే. పొట్లముపై ఏ మూలిక ఎంత యున్నదో వ్రాయనిచో దానిని కొనకుండుటయే నా మతము. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో అది ప్రాణవాయువు లోపము. అందుకు క్రొత్తనీరు కావలెను గాని పసుపు కాదు.

శక్తి గలవారు రెండు చెరువులలో ఒకే ఈడు పిల్లలను, ఒకే లెక్కన విడిచి, ఒకే మేత పెట్టి, ఒకదానిలో మాత్రమే మూలిక కలుపవలెను. నెలకొకసారి విసురువలతో రెండింటను కొన్నిటిని పట్టి తూచి, బరువును, మేత ఖర్చును, చచ్చిన చేపల లెక్కను పుస్తకమున వ్రాయవలెను. పట్టుబడి నాటికి కిలో చేపకు ఎన్ని కిలోల మేత పట్టినదో ఆ పుస్తకమే చెప్పును.