ముడ్, చల్, థమ్

ఆగస్టు 15 దగ్గర పడుతోందంటే హైస్కూలు మైదానాల్లో ‘సావధాన్’, ‘విశ్రామ్’ కేకలు మొదలవుతాయి. ఎన్‌సీసీ పిల్లలైతే ఇంకొన్ని నేర్చుకోవాలి. కుడికి తిరగడానికి ‘దాహినే ముడ్’, వెనక్కి తిరగడానికి ‘పీఛే ముడ్’, కవాతుకు కదలడానికి ‘తేజ్ చల్’, నిలిచిపోవడానికి ‘థమ్’, ఉన్నచోటే అడుగులు వేయడానికి ‘కదమ్ తాల్’. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యంలో ఇంగ్లిష్ ఆజ్ఞల చోట చేరిన హిందీ మాటలివి. తెలుగు పిల్లలకు తెలుగులోనే చెప్పవచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ మాటలు మైదానంలో చేసే పనేమిటో చూశాకే జవాబు చెప్పాలి. నా దృష్టిలో అవి చెవి కోసం పుట్టిన మాటలు. అర్థం అక్కడ రెండో మెట్టు.

‘పీఛే ముడ్’నే తీసుకోండి. ‘పీఛే’ని సాగదీసి పలుకుతారు. అది హెచ్చరిక, ఏం చేయాలో తెలిసింది కానీ ఎవరూ కదలకూడదు. చిన్న విరామం. ఆ తర్వాత కొట్టినట్టు ‘ముడ్’. కుడి మడమ, ఎడమ మునివేళ్ల మీద కుడివైపుగా వెనక్కి తిరిగి, ఎడమకాలు ఎత్తి కుడికాలి పక్కన దించాలి. ముప్పై మంది బూట్లూ ఒక్కటే చప్పుడు చేయాలి. తేజ్ చల్‌లో నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు. అంటే అడుగుకు అర సెకను. ఆజ్ఞలోని చివరి మాటే అర సెకను సాగితే, దాని మొదట్లో కొందరు, చివర్లో కొందరు కదులుతారు, వరుస చెదురుతుంది. అందుకే ‘సావధాన్’ని కూడా రెండుగా విరిచి ‘ధాన్’ దగ్గర కొడతారు. మామూలు ఇంగ్లిష్‌లో క్రియను ముందు పెట్టి ‘టర్న్ రైట్’ అనేవారే డ్రిల్లులో కదిలించే మాట చివర రావాలని దాన్ని తిరగేసి ‘రైట్ టర్న్’ అన్నారు.

ఇక్కడ తెలుగుకు ఒక సౌకర్యం ఉంది, ఒక ఇబ్బందీ ఉంది. ‘కుడికి తిరుగు’ అన్నప్పుడు దిక్కు ముందు, క్రియ చివర సహజంగానే వస్తాయి. కానీ మనది అజంత భాష. ‘తిరుగు’, ‘నడువు’, ‘ఆగు’ అన్నీ అచ్చుతో ముగుస్తాయి. గట్టిగా అరిస్తే ఆ అచ్చు ఇంకా సాగుతుంది. ముడ్, చల్, థమ్ హల్లు దగ్గర తెగిపోతాయి. మరి ‘ఐలెస్సా’ అచ్చుతోనే ముగుస్తుంది కదా, అందరూ కలిసి లాగడం లేదా అనవచ్చు. లాగుతారు. కానీ లాగడం సాగే పని, దానికి సాగే మాట సరిపోతుంది. తిరగడం, ఆగడం క్షణంలో అయిపోవాలి. హిందీ ఆజ్ఞల్లోనూ ‘ఆరామ్ సే’ అచ్చుతో ముగుస్తుంది. అది ఒళ్లు వదులు చేసుకోమని చెప్పే మాట కాబట్టి నష్టం లేదు.

అర్థం తెలియని మాటకు కాళ్లు ఆడించడం బానిసత్వం కాదా, మెషిన్‌గన్ల కాలంలో ఈ వరుసలెందుకు అన్నది బలమైన అభ్యంతరం. వరుసగా నిలబడి పోరాడే రోజులు పోయిన మాట నిజమే. కానీ కలిసి అడుగేసినవారి మధ్య ఆప్తత పెరుగుతుందని చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1995లో ఒక పుస్తకమే రాశాడు. 1941లో తాను పొందిన సైనిక శిక్షణే ఆయన్ను ఆ ఆలోచనకు నడిపింది. ఇక అర్థం సంగతి. 1778లో వ్యాలీ ఫోర్జ్‌లో వాషింగ్టన్ సైన్యానికి డ్రిల్లు నేర్పిన ప్రష్యా అధికారి స్టూబెన్‌కు ఇంగ్లిష్ సరిగా రాదు. దుబాసీలను పెట్టుకుని, తానే చేసి చూపించి నేర్పాడు. మాట అర్థం ఒక్కసారి తెలిస్తే చాలు, ఆపైన పనంతా శబ్దానిదే. మన కూచిపూడి నట్టువాంగంలో ‘తధిగిణతోం’కు నిఘంటువులో అర్థం వెతకం. ఆ ‘తోం’ దగ్గర పాదం నేలను తాకాలి, అంతే. తెలుగులో ఆజ్ఞలు కట్టాలనుకునేవారు హిందీ మాటలను అనువదిస్తూ కూర్చోకుండా ఆ జతుల దగ్గర మొదలుపెట్టవచ్చు. ‘కదమ్ తాల్’లోని తాల్ మన తాళమే.